మండువాలో వెలుగు: డ్రాయింగు బల్ల నుంచి కంప్యూటరు బొమ్మ దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు రెండుసార్లు కబురు చేశారు. మొదటిసారి తప్పించుకున్నాను. నేను ఇంజనీరును కాను, పెద్ద ఆఫీసరునూ కాను. 1964లో అప్పటి పి.డబ్ల్యు.డి.లో ట్రేసరుగా చేరి, డ్రాఫ్ట్స్‌మన్‌నై, 2002లో రిటైరైనవాణ్ణి. ముప్పై ఎనిమిదేళ్లు బల్ల మీదికి వంగి, ఇతరులు కట్టబోయేవాటికి గీతలు గీశాను. అంతకు మించి చెప్పుకోదగ్గ ఘనకార్యం లేదు. కాని 2024 సంక్రాంతికి మా ఇంట్లో ఒక విచిత్రం జరిగింది. 2009లో పడగొట్టేసిన మా రావులపాలెం పాత ఇంటి వసారాలో నేనూ, మా ఇంటావిడా నిలబడి చూసినంత పని అయింది. అదీ కంప్యూటరులో. ఇది ఎలా సాధ్యమని మనవరాలిని విసిగించి, ఆ అమ్మాయి చెప్పిందీ, నేను చదువుకున్నదీ కలిపి, తెలిసినంతలో ఆ విద్య చరిత్ర ఇక్కడ వ్రాస్తున్నాను. మన తరం వాళ్లకు తెలియవలసిన విషయమే, ఎందుకంటే ఈ బొమ్మలు చూసి మనలో చాలామంది గ్రాట్యుటీ డబ్బులు చెల్లించారు. అందులో నేనూ ఒకణ్ణి.

ముందు మా పని సంగతి. ఆ రోజుల్లో ట్రేసింగ్ క్లాత్ మీద ఇండియన్ ఇంకుతో, రూలింగ్ పెన్నుతో గీసేవాళ్లం. పెన్ను రెండు రేకుల మధ్య సిరా చుక్క వేసి, మర బిగించి గీత మందం సరిచూసుకోవాలి. చెయ్యి వణికితే చుక్క పడేది. పడితే బ్లేడుతో గీకి, ఆ చోటు నున్నగా రుద్ది మళ్లీ గీయాలి. వానాకాలంలో గుడ్డ చెమ్మ పీల్చి ముడతలు పడేది. నకళ్లకు ఫెర్రో ప్రింట్లు ఉండేవి. రసాయనం పూసిన కాగితం మీద ట్రేసింగు పరిచి, గాజు ఫ్రేములో బిగించి ఎండలో పెట్టి, తరువాత నీళ్లలో కడిగితే నీలం కాగితం మీద తెల్లగీతలు తేలేవి. మబ్బు పడితే ఆ పూట ప్రింటు లేనట్టే. తరువాత అమ్మోనియా ప్రింట్లు వచ్చి ఎండ కోసం ఎదురుచూడడం తప్పింది కాని, ఆ ఘాటుకి కళ్లు మండిపోయేవి. ధవళేశ్వరంలో కాటన్ దొరగారి పాత ఆనకట్ట పక్కన కొత్త బ్యారేజి కడుతున్న 1970ల దశకంలో మా సెక్షనుకు ఊపిరాడేది కాదు.

ప్లాను, ఎలివేషను, సెక్షను ఈ మూడే మా లోకం. మేస్త్రీకి అవి చాలు. కాని ఇల్లు కట్టించుకునేవాడికి అవి చాలవు. "ఇదిగో హాలు, ఇదిగో వంటగది" అని వేలితో చూపిస్తే తల ఊపేవాళ్లే తప్ప, ఆ హాలులో నిలబడితే ఎలా ఉంటుందో ఎవరికీ కళ్లకు కట్టేది కాదు. ఒకసారి ఒక ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగారు ఇన్‌స్పెక్షన్ బంగళా హాలుకి పర్స్‌పెక్టివ్ వేయమన్నారు. అప్పుడు నేర్చుకున్నాను. దూరం పోయే గీతలన్నీ ఒక బిందువు దగ్గర కలుస్తాయి, రైలు పట్టాలు దూరంలో కలిసినట్టు. 15వ శతాబ్దం మొదట్లో ఇటలీలోని ఫ్లోరెన్సు పట్టణంలో బ్రూనెలెస్కీ అనే వాస్తుశిల్పి దీన్ని నిరూపించి చూపాడు. ఒక చర్చి కట్టడాన్ని పలక మీద చిత్రించి, ఆ పలకకు చిల్లు పెట్టి, వెనకనుంచి చిల్లులోంచి చూస్తూ ఎదురుగా అద్దం పట్టుకోమన్నాడు. అద్దంలో కనిపించే బొమ్మకూ, అద్దం తీసేస్తే కనిపించే అసలు కట్టడానికీ తేడా లేదట. 1435లో ఆల్బెర్టీ ఈ సూత్రాలన్నీ పుస్తకంగా వ్రాశాడు. అప్పటినుంచి ఐదువందల ఏళ్లకు పైగా గీతకు లెక్క ఉంది. వెలుగుకు మాత్రం లేదు. నీడ ఎక్కడ పడాలి, మూల ఎంత చీకటిగా ఉండాలి అన్నది చిత్రకారుడి అంచనా. నేనూ ఆ బంగళా హాలుకి పల్చగా సిరా నీళ్లు పులిమి నీడలు పెట్టాను. ఇంజనీరుగారు మెచ్చుకున్నారు. కాని అది నా ఊహే, లెక్క కాదు.

వెలుగు లేకపోతే ఎంత గొప్ప కట్టడమూ కట్టడంలా కనిపించదని సినిమావాళ్లకు ముందే తెలుసు. 1957లో మాయాబజార్ విడుదలైనప్పుడు నాకు పదమూడేళ్లు. ద్వారక నగరాన్ని చూసి నోరు తెరుచుకున్నాను. గోఖలే, కళాధర్ గార్లు కళాదర్శకులు. యాభై అడుగులకు అరవై అడుగుల చోటులో మూడువందల చిన్న చిన్న ఇళ్ల నమూనాలు కట్టి, వాటిలో విద్యుద్దీపాలు అమర్చి ఆ నగరాన్ని చూపించారని తరువాత చదివాను. ఆ దీపాలే లేకపోతే అది బొమ్మలకొలువులాగే ఉండేది. మార్కస్ బార్ట్లే గారి కెమెరా వెన్నెల సంగతి మన తరానికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక కంప్యూటరు. నేను ట్రేసరుగా చేరడానికి ఏడాది ముందు, 1963లో, అమెరికాలో ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ అనే విద్యార్థి తెర మీద కాంతి కలంతో గీతలు గీసే పద్ధతి కనిపెట్టాడు. దాని పేరు స్కెచ్‌ప్యాడ్. మా కొలువుకు ముప్పు అక్కడ పుట్టిందన్నమాట, మాకు తెలియలేదు. తరువాత ఆయన యూటా విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. 1970లలో ఆ శాఖలోనే వంపు తిరిగిన ఉపరితలం మీద వెలుగునీడలు వేసే లెక్కలు పుట్టాయి. 1971లో గూరో అనే ఫ్రెంచి విద్యార్థిది ఒకటి. వియత్నాం నుంచి వచ్చిన బుయ్ తువాంగ్ ఫాంగ్ అనే అతనిది ఇంకొకటి. మెరిసే వస్తువు మీద తళుకు ఎక్కడ పడుతుందో ఈ ఫాంగ్ లెక్క కట్టాడు. అది అచ్చయిన 1975లోనే రక్తక్యాన్సరుతో చిన్న వయసులో పోయాడు. ఇప్పటికీ అతని పేరు మీదనే ఆ లెక్క నడుస్తోంది. అదే చోట మార్టిన్ న్యూవెల్ అనే ఆయన 1975లో ఇంట్లోని టీ కెటిల్‌ని గ్రాఫు కాగితం మీద గీసుకుని, ఆ అంకెలు కంప్యూటరుకి ఎక్కించాడు. యాభై ఏళ్లుగా కొత్త పద్ధతి కనిపెట్టిన ప్రతివాడూ ఆ కెటిల్ మీదనే పరీక్షిస్తాడట. గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో మొదలైందని తెలిసి నాకు కాస్త తృప్తి కలిగింది.

1979లో బెల్ ప్రయోగశాలలో టర్నర్ విటెడ్ ఇంకో అడుగు వేశాడు. చూసేవాడి కంటినుంచి బొమ్మలోని ఒక్కొక్క చుక్క గుండా ఒక్కొక్క కిరణాన్ని వెనక్కి పంపి, అది గాజుకు తగిలితే లోపలికి వంచి, అద్దానికి తగిలితే తిప్పికొట్టి, దేన్ని చేరుతుందో వెంబడించి రంగు నిర్ణయించడం ఆ పద్ధతి. గళ్ల నేల మీద తేలుతున్న గాజుగోళాల బొమ్మ ఒక్కటి వేయడానికి అప్పటి పెద్ద యంత్రానికి గంటకు పైగా పట్టింది. గాజు గాజులాగే ఉంది, మెరుపు మెరుపులాగే ఉంది. కాని అది గది కాలేదు.

ఎందుకు కాలేదో మండువా లోగిలిలో పెరిగినవాళ్లకు చెప్పడం సులువు. మా ఇల్లు మా తాతగారు కట్టించినది. నడిమధ్య ఆకాశానికి తెరిచిన మండువా, దాని చుట్టూ నాలుగు వైపులా వసారా, వసారాల వెనక గదులు, పైన బంగాళా పెంకు. గదుల్లోకి నేరుగా ఎండ వచ్చేది కాదు. అయినా మధ్యాహ్నం పడమటి గదిలో మంచం మీద పడుకుని మా నాన్నగారు దీపం లేకుండా పేపరు చదివేవారు. ఆ వెలుగు ఎక్కడిది? మండువా నేల మీద పడిన ఎండ సున్నపు గోడకు తగిలి, గోడ నుంచి వసారా చూరుకు తగిలి, చూరు నుంచి గడప దాటి లోపలికి వచ్చేది. మూడు నాలుగు గెంతులు వేసి వచ్చిన వెలుగు అది. కిరణాల పద్ధతి తళతళలాడే వస్తువులకు సరిపోయింది కాని, ఇలా గరుకు గోడల మధ్య చెదిరిపోయే వెలుగును పట్టుకోలేదు. నీడ పడ్డ చోటు కటిక చీకటి. అందుకని అంతటా సమానంగా ఇంత అని బూడిదరంగు వెలుగు పులిమేవారు. నేను ఇన్‌స్పెక్షన్ బంగళా హాలుకి సిరా నీళ్లు పులిమినట్టే.

ఈ ముడి విప్పింది న్యూయార్కు రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వారు. డొనాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే ఆచార్యుడూ, గొరాల్, టొరెన్స్, బటైల్ అనే ముగ్గురూ కలిసి 1984లో ఒక పరిశోధన పత్రం వెలువరించారు. అసలు పద్ధతి వెలుగుది కాదు, వేడిది. కొలిమి గోడలు ఒకదానికొకటి ఎంత వేడి పంపుకుంటాయో లెక్కగట్టే ఇంజనీర్ల పద్ధతిని తెచ్చి వెలుగుకు వర్తింపజేశారు. గోడల్ని ముక్కలు ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క మిగతా ముక్కలన్నిటికీ ఎంత వెలుగు ఇస్తుంది, ఎంత తీసుకుంటుంది అని సమీకరణాలు వ్రాసి సాధించడం. పరీక్షకు ఒక ఖాళీ పెట్టె తీసుకున్నారు. ఒక పక్క గోడకు ఎరుపు, ఇంకో పక్క గోడకు నీలం, మిగతావి తెలుపు. లెక్క పూర్తయ్యాక బొమ్మలో తెల్ల గోడ మీద ఎర్రగోడ ఛాయ పల్చగా పాకింది. ఎవరూ రంగు వేయలేదు, లెక్కలోంచి దానంతట అదే వచ్చింది. తరువాత తరువాత నిజంగానే అలాంటి పెట్టెలు కట్టి, ఫోటో తీసి, కంప్యూటరు బొమ్మ పక్కన పెట్టి పోల్చడం ఒక ఆచారమైపోయింది. కార్నెల్ పెట్టె అంటే ఆ రంగంలో తెలియనివారు ఉండరు.

మన శాఖలో పనిచేసినవారికి ఇంకొక పోలిక చెబుతాను. మా రోజుల్లో అసిస్టెంటు ఇంజనీర్లు కాంటిన్యుయస్ బీములకు హార్డీ క్రాస్ పద్ధతిలో మొమెంట్లు పంచేవారు, జ్ఞాపకముందా? 1930లో ఆయన అచ్చువేసిన పద్ధతి. ఒక జాయింటు దగ్గర తేలిన తేడాను అటూ ఇటూ పంచడం, అందులో సగం అవతలి కొసకు మోయడం, అక్కడ మళ్లీ తేడా వస్తే మళ్లీ పంచడం. వరుస వరుసకీ అంకె చిన్నదైపోయి, నాలుగైదు వరుసలకు వదిలేయదగ్గంత అయ్యేది. కార్నెల్ వారే 1988లో తెచ్చిన మెరుగైన పద్ధతి అచ్చం ఇదే నడక. ఎక్కువ వెలుగున్న ముక్క ముందు తన వెలుగు పంచేస్తుంది, తీసుకున్నవి మళ్లీ పంచుతాయి, మిగులు కరిగిపోయేదాకా. మనవరాలు ఇది చెప్పినప్పుడు కాగితం తీసుకుని హార్డీ క్రాస్ పట్టిక గీసి చూపించాను. "మీకు ఇది ముందే తెలుసా తాతయ్యా!" అంది. తెలుసు, కాని గోడ మీది వెలుగుకి అనుకోలేదు.

1986లో కాలిఫోర్నియాలో జేమ్స్ కజియా అనే శాస్త్రవేత్త ఈ రెండు పద్ధతులనూ ఒకే సమీకరణం కిందికి తెచ్చాడు. దాన్ని పూర్తిగా సాధించడం అసాధ్యం కనుక, పాచికలు వేసినట్టు కిరణాలను ఇష్టం వచ్చిన దిక్కులకు వదిలి, వేలకొద్దీ కిరణాల సగటు తీసుకోమన్నాడు. కిరణాలు తక్కువైతే బొమ్మ మీద ఉప్పు చల్లినట్టు మచ్చలుంటాయి, ఎక్కువైతే నున్నబడుతుంది. అప్పటి యంత్రాలకు అది తలకు మించిన భారం. ఇప్పుడు సినిమాలకూ, ఇళ్ల బొమ్మలకూ అన్నిటికీ దాదాపు అదే దారి.

తక్కినదంతా యంత్రాలు చౌకబడిన కథ. 1982లో ఆటోకాడ్, 1990లో గదులను మూడు కొలతల్లో కట్టి చూపే 3డి స్టూడియో. ఆటోకాడ్ మా ఆఫీసుకి చేరేసరికి నేను రిటైరుమెంటుకి దగ్గరపడ్డాను. మౌసు పట్టుకుంటే గీత ఎటో పోయేది, అంతటితో వదిలేశాను. ఇంటిలోపలి బొమ్మలు వేసేవారు ఎక్కువగా వాడే వీ-రే అన్నది బల్గేరియా దేశపు సోఫియా నగరంలో పుట్టింది. బ్లెండర్ అనే ఇంకొకటి హాలెండువాళ్లది. దాన్ని నడిపిన కంపెనీ మూతపడితే, వాడకందార్లే చందాలు వేసుకుని 2002లో లక్ష యూరోలు పోగుచేసి, దాన్ని అందరికీ ఉచితం చేశారు. మా మనవరాలు వాడేది అదే. పైసా కట్టనక్కరలేదు. మన సంఘం భవన నిధికి చందాలు వసూలు చేసిన అనుభవంతో చెబుతున్నాను, ఆ హాలెండు ఆయన సామాన్యుడు కాడు.

2006లో ఐకియా కంపెనీవారు తమ క్యాటలాగులో మొదటిసారి ఒక కుర్చీ బొమ్మను ఫోటోకు బదులు కంప్యూటరులో తయారుచేసి వేశారు. ఎవరూ పట్టుకోలేదు. 2014 నాటికి వారి వస్తువుల బొమ్మల్లో సగానికి బాగా మించి అలాంటివే. మధ్యలో ఒక తమాషా జరిగింది. బొమ్మలు మరీ శుభ్రంగా ఉండి ప్రాణం లేనట్టుంటే, కంపెనీవారు ఫోటోగ్రాఫర్లను కంప్యూటరు నేర్చుకోమనీ, కంప్యూటరువారిని కెమెరా నేర్చుకోమనీ అటూ ఇటూ పంపించారు. ఆ కంపెనీ భారతదేశంలో మొదటి దుకాణం 2018 ఆగస్టులో హైదరాబాదులోనే తెరిచింది. మా అబ్బాయి తీసుకెళితే చూసి వచ్చాను. కాళ్లు నొప్పులు తప్ప కొన్నది లేదు.

మన తెలుగువాళ్లు ఈ విద్యలో వెనకబడిలేరు. 2009లో మగధీర, 2015లో బాహుబలి రెండూ స్పెషల్ ఎఫెక్ట్స్‌కి జాతీయ బహుమతులు తెచ్చాయి. మొదటిదానికి కమలకణ్ణన్ గారు, రెండోదానికి శ్రీనివాస్ మోహన్ గారు అందుకున్నారు. మాహిష్మతిలో కొంత సాబు సిరిల్ గారు రామోజీ ఫిల్మ్ సిటీలో వేయించిన సెట్టు, మిగతాది కంప్యూటరు. ఎక్కడ ఒకటి ఆగి రెండోది మొదలైందో నాబోటివాడు కూడా కనిపెట్టలేకపోయాడు.

అమరావతి సంగతి మాత్రం వేరు. అక్కడ ముందు బొమ్మలొచ్చాయి. 2016లో జపాను వాస్తుశిల్పి మాకీ గారి సంస్థ నమూనా ఎంపికైతే, పేపర్లలో ఆ బొమ్మలు చూసి అసెంబ్లీ థర్మల్ స్టేషను గొట్టాల్లా ఉందని జనం అన్నారు. తరువాత ఆ పని లండనులోని ఫోస్టర్ సంస్థకు వెళ్లింది. 2017లో ప్రభుత్వం కోరగా సినిమా దర్శకుడు రాజమౌళి గారు సలహాలిచ్చారు. అసెంబ్లీ సెంట్రల్ హాలులో తెలుగుతల్లి విగ్రహం నిలిపి, సూర్యకిరణాలను అద్దాలతో మళ్లించి ఆ విగ్రహం మీద పడేటట్టు చేయవచ్చని ఒక వీడియో చూపించారు. చూడగానే నాకు అరసవల్లి గుర్తుకొచ్చింది. మార్చిలోనూ, అక్టోబరులోనూ అక్కడ సూర్యకిరణాలు స్వామివారిని తాకుతాయి. ఆ గుడి కట్టినవాళ్లు వెలుగును ముందుగా లెక్కగట్టారు, బొమ్మ వేయకుండానే కట్టేశారు. అమరావతి పనులు 2019 తరువాత ఆగి 2025లో మళ్లీ మొదలయ్యాయి. ఇందులో రాజకీయం నాకు వద్దు. కట్టని గదిలో పడబోయే ఎండను పట్టుకుని ఒక రాష్ట్రం యావత్తూ మాట్లాడుకోవడం నా జీవితంలో చూశానన్నదే నా మాట.

ఇప్పుడు నా గ్రాట్యుటీ సంగతి. దాచుకున్న డబ్బుతో 2013లో మా అబ్బాయికి ఒక నగరంలో ఫ్లాటు కొన్నాము. ఎవరి దగ్గర, ఎక్కడ అన్నది అనవసరం. పునాదులు కూడా లేవవలేదు అప్పటికి. మెరిసే కాగితం మీద హాలు బొమ్మ ఇచ్చారు. పెద్ద కిటికీ, నేల మీద ఏటవాలుగా బంగారంలాంటి ఎండ పలక, కిటికీ అవతల పచ్చని చెట్లు. మా ఇంటావిడ "ఇక్కడ తులసికోట పెట్టుకోవచ్చు" అని ఆ ఎండ పలక మీద వేలు పెట్టి చూపించింది. సంతకం చేశాను. ఫ్లాటు చేతికొచ్చాక చూస్తే కిటికీకి ఐదడుగుల దూరంలో పక్క బిల్డింగు గోడ. పట్టపగలు దీపం వేసుకోవాలి. ఇంటికొచ్చి ఆ కాగితం తీసి, ప్లానుతో కలిపి చూశాను. కిటికీ ఉత్తరం వైపు ఉంది. సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న మనకు, వేసవిలో ఉదయం సాయంత్రం ఏటవాలుగా కాస్త తాకడం తప్ప, ఉత్తరపు కిటికీలోంచి గది మధ్యదాకా ఎండ ఎలా వస్తుంది? ముప్పై ఎనిమిదేళ్లు ప్లాన్లు గీసినవాణ్ణి, ఆ ప్రశ్న సంతకానికి ముందు నాకు తట్టలేదు. బొమ్మ అంత బాగుంది.

మనవరాలు ఇప్పుడు హైదరాబాదులో ఆ వృత్తిలోనే ఉంది. తనే చెప్పింది ఆ కిటుకులన్నీ. కెమెరాను గది బయట గోడ అవతల పెట్టి, అడ్డున్న గోడ మాయం చేసి చూపిస్తారట. వెడల్పాటి కటకంతో పది అడుగుల గది పదిహేను అడుగులనిపిస్తుంది. మంచం, సోఫా కొలత తగ్గించి వేస్తే ఖాళీ ఎక్కువ కనిపిస్తుంది. సూర్యుణ్ణి ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. కింద చిన్న అక్షరాల్లో ఇది చిత్రకారుని ఊహ మాత్రమే అని ఉంటుంది. ఇప్పుడు కొనేవారి కోసం ఒక్క మాట. 2016 నాటి రెరా చట్టంలో 12వ సెక్షను 2017 మే 1 నుంచి అమలులో ఉంది. ప్రకటననో, ప్రాస్పెక్టస్‌నో, నమూనా ఫ్లాటునో నమ్మి అడ్వాన్సు కట్టి, అందులోని తప్పుడు మాట వలన నష్టపోతే పరిహారం అడగవచ్చు, ఒప్పందం నుంచి తప్పుకుంటే వడ్డీతో సొమ్ము వాపసు కోరవచ్చు. కనుక ఆ రంగుల కాగితాలు పారేయకండి, రసీదులతో పాటు దాచుకోండి. ప్లానులో ఉత్తరపు గుర్తు ఎటుందో చూడండి.

ఉత్తరపు గుర్తు అన్నాను గనక మా ఇంటి సంగతికి వస్తాను.

1968లో, చేతికి పని అలవాటు కావాలని, సెలవుల్లో మా మండువా ఇంటిని టేపు పెట్టి కొలిచి ట్రేసింగ్ క్లాత్ మీద గీశాను. 2006లో మేము అన్నదమ్ములం వాటాలు పంచుకున్నాం. రోడ్డు పక్క స్థలం కనుక ధర పెరిగింది. తమ్ముడు తన వాటా అమ్ముతానన్నాడు, సగం ఇల్లు నిలబడదు కనుక నేనూ ఒప్పుకోవలసి వచ్చింది. 2009లో పడగొట్టారు. ఇప్పుడక్కడ దుకాణాలున్నాయి. ఆ తరువాత మా ఇద్దరి మధ్య పెళ్లిళ్లకు, చావులకు తప్ప మాటలు లేవు. ఇంతకు మించి వ్రాయను.

2024 సంక్రాంతికి మనవరాలు వచ్చి, బీరువాలో చుట్టి ఉన్న ఆ గుడ్డ చూసి, హైదరాబాదు తీసుకెళతానంది. సరిగ్గా రెండు రోజుల్లో ఇక్కడే, ల్యాప్‌టాపు మీదే ఇల్లు లేపింది. మొదటి బొమ్మ చూసి మా ఇంటావిడ "ఇది మన ఇల్లెందుకవుతుంది? ఆసుపత్రిలా ఉంది" అంది. నాకూ అలాగే ఉంది, కాని ఎందుకో చెప్పలేకపోయాను. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మనవరాలు ఒక్కొక్కటే అడగడం మొదలెట్టింది. గోడలకు తెలుపు నూటికి నూరు పెట్టిందట. అంత తెల్లని గోడ లోకంలో లేదు, కొత్త సున్నం కూడా పడ్డ వెలుగులో ఐదో వంతు మింగేస్తుంది. మింగకపోతే వెలుగు గోడల మధ్య చావకుండా తిరుగుతూ మూలల్ని కూడా తెల్లబరుస్తుంది. అది సరిచేసింది. స్తంభాల అంచులు కత్తిలా ఉన్నాయి. మా స్తంభాలు చేతులు తగిలి తగిలి గుండ్రబడినవి. అదీ సరిచేసింది. నేల సంగతి అడిగింది. నా డ్రాయింగులో నేల రంగు లేదు. "ఎర్ర గచ్చు. కొబ్బరినూనె రాసి రుద్దేవాళ్లం" అంది మా ఆవిడ. ఎరుపు పెట్టి ఓ పావుగంట ఆగేసరికి సున్నపు గోడల అడుగున పల్చటి గులాబీ ఛాయ పాకింది. కార్నెల్ పెట్టెలో పాకినట్టే. మా ఆవిడ ఏమీ అనలేదు, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

కాసేపాగి, "ఎండ అటు కాదే తల్లీ" అంది.

మనవరాలు ఊరి అక్షాంశం, తేదీ, వేళ అన్నీ సరిగ్గానే ఇచ్చింది. యంత్రం సూర్యుణ్ణి తనే సరైన చోట నిలబెడుతుందట. "పుష్యమాసంలో మధ్యాహ్నం ఎండ ఉత్తరపు వసారాలోకి నాలుగైదడుగులు ఎక్కేది. మీ నాన్నకి తలంటి అక్కడే కూర్చోబెట్టేదాన్ని. నువ్వు దక్షిణపు వసారాలో వేశావు" అంది మా ఆవిడ. పిల్ల నా గుడ్డ తిరగేసి, మరగేసి వెదికింది. "తాతయ్యా, మీరు ఉత్తరం గుర్తు వేయలేదు. పైన ఉన్నదే ఉత్తరం అనుకున్నాను" అంది. నిజమే. నాలుగేళ్ల సర్వీసున్న డ్రాఫ్ట్స్‌మన్ సొంత ఇంటికి ఉత్తరపు గుర్తు మరిచిపోయాడు. మరొకరి డ్రాయింగులో అది లేకపోతే ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టేవాణ్ణి. ఇల్లు గుండ్రంగా తిప్పాక, ఎండ వెళ్లి సరిగ్గా ఉత్తరపు వసారాలో పడింది.

ఆ బొమ్మ ప్రింటు తీయించి, మాతో చెప్పకుండా మనవరాలే చిన్నతాతయ్య ఇంటికి పట్టుకెళ్లింది. కనుమ నాటి సాయంత్రం తమ్ముడు వచ్చాడు. పదిహేనేళ్లలో పిలవకుండా రావడం అదే మొదలు. కూర్చోకుండానే, ప్రింటు బల్ల మీద పెట్టి, "అన్నయ్యా, తూర్పు స్తంభం మీద వరద గీత లేదేం?" అన్నాడు.

1986 ఆగస్టు వరద. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. నేను అప్పుడు ఆఫీసు డ్యూటీలో ధవళేశ్వరంలో ఉన్నాను. ఇంట్లో అమ్మతో ఉన్నది తమ్ముడు. నీళ్లు మా వీధిలోకి, మండువాలోకి వచ్చి, తీసిపోయాక స్తంభం మీద గీత మిగిలింది. అమ్మ దాన్ని కడగనివ్వలేదు. నా డ్రాయింగు 1968ది, అందులో అది ఎలా ఉంటుంది?

"ఎంత ఎత్తు చిన్నతాతయ్యా?" అంది మనవరాలు, ల్యాప్‌టాపు తెరిచి.

"రెండున్నర అడుగులుంటుంది" అన్నాను నేను.

"నువ్వు చూశావా ఏం, నువ్విక్కడ లేవు కదా" అన్నాడు తమ్ముడు. లేచి నిలబడి, అరచెయ్యి పొట్ట దగ్గర అడ్డంగా పెట్టాడు. "ఇక్కడికి. అమ్మని మంచంతో సహా అటక మీదికి ఎక్కించాను."

నా పాత డ్రాయింగు పెట్టెలోంచి టేపు తెచ్చి, నేల మీద కొస తొక్కిపెట్టి, వాడి చెయ్యి దాకా లాగాను. మూడడుగుల ఐదంగుళాలు. మనవరాలు స్తంభం మీద మట్టిరంగు గీత పెట్టింది. తమ్ముడు తెర దగ్గరికి వంగి చూసి, అలా తిన్నగా కాదు, కింది అంచు చెదిరినట్టుండాలి అన్నాడు.